ముహూర్తం వేళ పాత 5డి, కొత్త ఆర్6

తిరుపతిలో పెళ్లి ఫొటోలు తీసే నాకు కెనాన్ 5డి మార్క్ 3 కెమెరా పదేళ్లు అన్నం పెట్టింది. 2012 నాటి మోడల్, 22.3 మెగాపిక్సెల్స్. దాని రంగులకు నేటికీ వంక పెట్టలేను. పోయిన మాఘమాసం పెళ్లిళ్లకు ముందు కెనాన్‌దే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఆర్6 మార్క్ 2 కొన్నాను.

తేడా తెలిసింది తిరుచానూరులో, తెల్లవారుజాము ముహూర్తానికి. జీలకర్ర బెల్లం వేళ పెళ్లికూతురు తల వంచుకుంది, బాసికం కనుబొమ మీదికి జారింది, పైనుంచి అక్షింతలు. 5డిలో 61 ఫోకస్ పాయింట్లూ ఫ్రేమ్ మధ్యలోనే గుమికూడి ఉంటాయి, పక్కనున్న ముఖానికి అందవు. కొత్తదాని ఫోకస్ పెళ్లికూతురి కంటిని పట్టుకుని వదల్లేదు. సైలెంట్ షట్టర్ కాబట్టి మంత్రాల మధ్య టకటకల్లేవు, పంతులుగారు ఒక్కసారీ తిరిగి చూడలేదు. ఎల్‌ఈడీ లైట్లుంటే మాత్రం మెకానికల్ షట్టర్‌కు మారండి, లేదంటే ఫొటోలో చారలు పడొచ్చు.

కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ కూడా స్క్రీనే కాబట్టి మిర్రర్‌లెస్‌లో బ్యాటరీ త్వరగా దిగుతుంది. పాత ఎల్‌పీ-ఈ6 బ్యాటరీలే ఇందులోనూ పనిచేస్తాయి, 5డికి వాడిన ఈఎఫ్ లెన్సులకు అడాప్టర్ చాలు. నాకు పెద్ద ఊరట అదే.

స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫొటోలు తీసేవాళ్లకు పాతది బంగారం, మార్చకండి. నేనూ అమ్మలేదు. 85 ఎంఎం లెన్సుతో ఇంకా నా భుజానే ఉంది.