ఒకే పెద్ద తలా, తలా ఒక తలా?

విశాఖపట్నంలో పిల్లలతో శిల్పం చేయించాలనుకుంటే నాకు మొదట గుర్తొచ్చే పేరు శిల్పి జి. రవీందర్ రెడ్డి. 1956లో సూర్యాపేటలో పుట్టి, బరోడాలో, తర్వాత లండన్‌లో చదివి, ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ విశాఖలోనే ఉండిపోయారు. ఆయన పేరు చెప్పగానే కళ్లముందుకొచ్చేవి ఆడవాళ్ల భారీ తలలు. కొన్ని నిలువెత్తు మనిషిని మించి ఉంటాయి. బంగారు ముఖం, రెప్ప వాల్చని పెద్ద కళ్లు, వెనక పూలు తురిమిన కొప్పు. దేవతలా ఉంటుంది, సంతలో ఎదురయ్యే మనిషిలానూ ఉంటుంది.

పదిహేను మంది పిల్లలకు ఈ తలల ఫొటోలు చూపించాక అసలు ప్రశ్న వస్తుంది. ఒక్కొక్కరూ ఓ చిన్న మట్టి తల చేసి వరుసగా పేర్చడమా, అందరూ కలిసి కాగితపు గుజ్జుతో ఒకటే పెద్ద తల చేయడమా? ఆయన వాడే ఫైబర్‌గ్లాస్ జోలికి మాత్రం పోవద్దు. రెజిన్ ఘాటు, గాజు పోగుల దురద పిల్లల మధ్య పెట్టుకునే వ్యవహారం కాదు.

తలా ఒక తల అయితే టెన్షన్ తక్కువ. బంకమట్టి చేతిలో పడగానే పని మొదలవుతుంది, పూటలో అయిపోతుంది, ఎవరిది వాళ్లకే. "మా వాడు చేసింది ఏది?" అని అమ్మానాన్నలు అడిగితే చూపించొచ్చు. కాల్చాలంటే మాత్రం లోపల బోలుగా తొలిచి, గోడ వేలి మందం మించకుండా చూసి, నెమ్మదిగా బాగా ఆరనివ్వాలి. ముద్దగా వదిలేసినా, తడి మిగిలినా ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) పగులుతుంది, పక్కవాళ్ల తలలనూ పాడు చేస్తుంది. కాల్చకపోతే ఇంటికి చేరేలోపే ముక్కు ఊడొచ్చు.

నాకున్న అభ్యంతరం వేరే. పదిహేను తలలు పక్కపక్కన పెట్టినంత మాత్రాన కలిసి చేసినట్టు కాదు. పైగా ఆయన శిల్పానికి సగం బలం ఆ పరిమాణంలోనే ఉంది. అరచేతిలో ఇమిడే తలకి ఆ చూపు రాదు.

పెద్ద తలకి మూడడుగుల ఎత్తు చాలు. వెదురు గంప బోర్లించి, కింద మెడకి అట్టపెట్టె కట్టి, పాత పేపర్ ముక్కలు మైదా జిగురులో తడిపి పొరలు పొరలుగా అంటించాలి. ముక్కు, పెదవులు, చెవులకు గుజ్జు ముద్ద. గుజ్జులో మెంతిపిండి కలపడం మన ఇళ్లలో బుట్టలు చేసే ఆడవాళ్లకు తెలిసిన పద్ధతే. బైండింగ్ వాళ్లు పురుగు పట్టకుండా జిగురులో వేసే మైలుతుత్తం విషం, పిల్లల పనిలో వద్దు. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పొరకీ పొరకీ మధ్య ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. తొందరపడితే లోపల బూజు పడుతుంది. వానాకాలంలో అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఒక్క తల చుట్టూ పదిహేను మంది నిలబడలేరు కదా? నిజమే, ఐదారుగురికి మించి చెయ్యి పట్టదు. కానీ ఆయన శిల్పాన్ని వెనక నుంచి చూస్తే దారి దొరుకుతుంది. ముఖం నున్నగా, సాదాగా ఉంటుంది. హడావుడంతా జుట్టులో, కొప్పులో, పూలలో, నగల్లో. ముఖానికి కొద్దిమంది చాలు, కొప్పుకి ఎంతమందైనా తక్కువే. ఒకరు బంతులు, ఒకరు కనకాంబరాలు, ఇంకొకరు జడపాయలు, మరొకరు ముక్కుపుడక, జూకాలు. ఎవరి పువ్వు వాళ్లు చేస్తారు, కొప్పు మాత్రం అందరిదీ. పువ్వు మరీ పెద్దదైతే పక్కవాడి పువ్వుకి చోటుండదు. అక్కడ మొదలయ్యే బేరసారాలే నా లెక్కలో కలిసి చేయడం.

గొడవ వచ్చేది కళ్ల దగ్గర. అందరికీ అవే కావాలి. చెరో కన్ను ఇద్దరికి ఇస్తే రెండూ రెండు దిక్కులు చూస్తాయి. అందరి చేతా కాగితం మీద గీయించి, వాళ్లే ఒకటి ఎంచుకున్నాక, గీసిన పిల్ల చేతే రెండు కళ్లూ వేయించాలి. అదీ అన్నిటికన్నా చివర. వినాయకుడి బొమ్మలు చేసేవాళ్లు కూడా కళ్లు ఆఖరికే ఉంచుకుంటారు. బంగారు రంగు నేరుగా పేపర్ మీద వేస్తే వెలవెలబోతుంది. ముందు ఇటుక రంగు పూత వేసి ఆరాక వేస్తే నిగ్గు తేలుతుంది.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలైతే నా ఓటు పెద్ద తలకే. అంతకన్నా చిన్నవాళ్లకు వారాల తరబడి ఆగే ఓపిక ఉండదు, మట్టి తలే ఇవ్వండి. ఒక్క పూటే సమయం ఉన్నా అంతే. పెద్ద తలకి ఒప్పుకునే ముందు దాన్ని ఎక్కడ పెడతారో హెడ్మాస్టర్‌ని అడగండి. తడి తగలని, చుట్టూ తిరిగి చూడగలిగే చోటు కావాలి. గోడకి ఆనించి పెడితే కొప్పు కోసం పడ్డ పాటంతా గోడకే కనిపిస్తుంది.