వండర్‌లాకు వెళ్లే అనంతపురం వారికి బిడది తట్టె ఇడ్లీ

అనంతపురం నుంచి 44వ జాతీయ రహదారి మీదుగా బెంగళూరు చేరి, అక్కడి నుంచి మైసూరు రోడ్డులోని వండర్‌లా వినోద పార్కుకు పిల్లలతో వెళ్లేవారు ఉదయపు పలహారం ఆ పార్కు దగ్గర్లోని బిడది ఊళ్లోనే ముగించుకోవడం మేలని, రెండుసార్లు వెళ్లివచ్చిన అనుభవంతో చెబుతున్నాను. ఆ ఊరికి పేరు తెచ్చింది తట్టె ఇడ్లీ. కన్నడంలో తట్టె అంటే పళ్లెం. మేము ఆగిన చిన్న హోటలులో అరచేతి కంటే వెడల్పైన ఇడ్లీని పొగలు కక్కుతుండగానే వడ్డించి, పైన వెన్నముద్ద వేశారు. అది కరిగి అంచుల దాకా పాకేలోపే మా చిన్నమ్మాయి సగం తినేసింది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలకు అలవాటుపడిన మా నాలుకకు చట్నీలో కారం తక్కువే అనిపించినా, గిరగిర తిరిగే ఆటలు ఎక్కబోయే ముందు కడుపుకు ఇంతకన్నా హాయైన తిండి నాకు తెలియదు. కడుపునిండా తింటే మధ్యాహ్న భోజనాన్ని రెండు గంటలు దాటేదాకా ఆపవచ్చు. పార్కు లోపలి రెస్టారెంట్లలో అప్పటికి రద్దీ పలచబడుతుంది. హోటలులో కూర్చునే చోటు మాత్రం బాగా ఇరుకు, కాబట్టి అవ్వాతాతలను వెంట తీసుకెళ్లేవారు అక్కడ జనం పెరగకముందే చేరుకునేలా అనంతపురం నుంచి తెల్లవారుజామున నాలుగింటికల్లా బయలుదేరాలి.