ఒన్ నోట్రంప్ తర్వాత ఏం చెప్పాలి: పదకొండేళ్ల వాడకం

మా బావగారూ నేనూ జోడీగా బ్రిడ్జ్ ఆడటం మొదలుపెట్టి పదకొండేళ్లు దాటింది. ఒన్ నోట్రంప్ అంటే తురుపు రంగు లేకుండా ఏడు పట్లు (గెలిచే చుట్లు) తెస్తామన్న పాట. మా పద్ధతిలో అది చెప్పడానికి 15 నుంచి 17 పాయింట్లు (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1) ఉండాలి. దానికి జోడీ చెప్పే జవాబుగా మొదట స్టేమన్ (రెండు కళావర్లు అని, నీకు నాలుగు ఇస్పేట్లో నాలుగు ఆఠీన్లో ఉన్నాయా అని అడగడం), ఆర్నెల్ల తర్వాత జాకోబీ ట్రాన్స్‌ఫర్లు (అయిదు ఇస్పేట్లుంటే రెండు ఆఠీన్లనీ, అయిదు ఆఠీన్లుంటే రెండు డైమండ్లనీ చెప్పి, అసలు రంగును జోడీతో అనిపించడం) పెట్టుకున్నాం. నేర్పినవాళ్లంతా స్టేమన్‌నే నెత్తిన పెట్టుకున్నారు. ఇన్నేళ్ల తర్వాత నన్నడిగితే, మాకు అన్నం పెట్టింది ట్రాన్స్‌ఫర్లు. అదీ ఎక్కువగా చెత్త ముక్కలు పడ్డ రోజుల్లో.

ఒక చేయి చూడండి. ఇస్పేటు రాణి, 10, 9, 7, 4. ఆఠీను 8, 3. డైమండు 9, 6, 5, 2. కళావరు 7, 4. మొత్తం రెండు పాయింట్లు. బావగారు ఒన్ నోట్రంప్ అన్నారు. ఇంత పేద చేతితో నోరు తెరవడమెందుకని పాస్ అనడం నా పాత అలవాటు. కానీ నోట్రంప్‌లో ఆ అయిదు ఇస్పేట్లూ దండగే. బావగారి దగ్గర రాజు, జాకీ, 6 ఉన్నా సరే, ప్రత్యర్థి తన ఆసును మూడో చుట్టు దాకా బిగబట్టాడంటే డమ్మీలో (టేబుల్ మీద పరిచిన నా చేతిలో) మిగిలిన రెండు ఇస్పేట్లను అందుకునే దారి ఉండదు. అవే తురుపులైతే ఆఠీనునో కళావరునో తురుపు కొట్టి డమ్మీలోకి వచ్చేయవచ్చు. ఆ రోజు నేను రెండు ఆఠీన్లు అన్నాను, ఆయన రెండు ఇస్పేట్లన్నారు, నేను పాస్. సరిగ్గా కావలసిన ఎనిమిది పట్లు, 110 మార్కులు వచ్చాయి. ఒన్ నోట్రంప్ దగ్గరే ఆగిన టేబుళ్లు ఒక పట్టు తక్కువై మునిగాయి. నేనే నేరుగా రెండు ఇస్పేట్లు అనే పాత పద్ధతిలో ఆయన బలమైన చేయి టేబుల్ మీద పరుచుకునేది. ట్రాన్స్‌ఫర్‌తో అది దాగి ఉంటుంది, మొదటి ముక్క దాని వైపుకే నడిచొస్తుంది.

లోపం ఒకటే, ఇద్దరికీ గుర్తుండాలి. మొదటి ఏడాది అయిదు ఇస్పేట్లు, పదకొండు పాయింట్లు పట్టుకుని రెండు ఆఠీన్లన్నాను. బావగారు నిదానంగా పాస్ చేశారు. నా దగ్గర రెండు ఆఠీన్లు, ఆయన దగ్గర మూడు. మిగతా ఎనిమిదీ ఎదుటివాళ్ల దగ్గర. ఆట నేనే ఆడాలి. డమ్మీ పరుస్తూ ఆయన అన్న మాట: “నీకు ఆఠీన్లున్నాయనుకున్నాను బావా.” ఆ రాత్రి ఇంటికి వెళ్లేదాకా ఇద్దరం వాతావరణం గురించే మాట్లాడుకున్నాం.

ఇక స్టేమన్. 1945లో పత్రికలో వ్యాసం రాసింది సామ్ స్టేమన్, ఆలోచన మాత్రం ఆయన జోడీ జార్జ్ రపీది. పేరు ఒకరిది, పని ఇంకొకరిది. నాలుగు ఇస్పేట్లో నాలుగు ఆఠీన్లో కనిపించగానే రెండు కళావర్లు అనేయడం మా మొదటి జబ్బు. చేయి 4-3-3-3గా (ఒక రంగులో నాలుగు, మిగతా మూడింటిలో మూడేసి ముక్కలు) ఉన్నప్పుడు అడగడం మానేశాక మా మార్కులు మెరుగయ్యాయి. తురుపు కొట్టడానికి పొట్టి రంగే లేనప్పుడు నాలుగు ఇస్పేట్ల పాటకు కావలసిన పదో పట్టు ఎక్కడి నుంచి తెస్తాం? పైగా జవాబు విని ఎదుటివాళ్లు ఏ రంగు ఆడాలో తెలుసుకుంటారు. రెండు కళావర్లకు ‘డబుల్’ (పందెం రెట్టింపు) అని కళావరు ఆడమని జోడీకి ఉచితంగా చెప్పేస్తారు కూడా. కళావర్లు ఒకటో సున్నానో ఉన్న బీద చేతితో అడిగి, ఏ జవాబొచ్చినా పాస్ చేసే ‘చెత్త స్టేమన్’ మాత్రం ముచ్చటైనది. ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప.

ఎనిమిది పాయింట్లతో రెండు నోట్రంప్ అని, బలముంటే మూడుకు వెళ్లమని ఊరించడం కూడా తగ్గించాం. జోడీల పోటీలో ఎనిమిదికి పాస్, తొమ్మిదికి మూడు నోట్రంప్. జట్ల పోటీలో వల్నరబుల్‌గా (బహుమతులూ జరిమానాలూ పెద్దవయ్యే దశలో) ఉంటే లెక్క మారుతుంది. గేమ్ (ఇక్కడ మూడు నోట్రంప్) చెప్పి గెలిస్తే, ఒన్ నోట్రంప్ దగ్గరే ఆగితే వచ్చే 150 బదులు 600 వస్తాయి, అంటే 10 ఇంప్‌ల (జట్ల పోటీలో తేడాను కొలిచే మార్కుల) లాభం. ఒక పట్టు తగ్గితే 120 పోయి మైనస్ 100, అంటే 6 ఇంప్‌ల నష్టం. నూటికి 38 సార్లు గెలిచినా గిట్టుబాటే. అక్కడ అయిదు ముక్కల రంగు, రెండు పదులు ఉంటే ఎనిమిదితోనే దూకుతాం. బావగారు ఏడుతో కూడా దూకుతారు, అది వేరే సంగతి.

నాలుగు రంగులకూ ట్రాన్స్‌ఫర్లు ఒక ఏడాది ప్రయత్నించి తీసేశాం. టెక్సాస్ (నాలుగు డైమండ్లంటే ఆఠీన్లు, నాలుగు ఆఠీన్లంటే ఇస్పేట్లు అనే ట్రాన్స్‌ఫర్) మాత్రం మా పద్ధతులు రాసుకున్న కార్డు మీద అలాగే ఉంది. పదకొండేళ్లలో అది కావలసిన చేతులు పదికి మించలేదు. నేను నాలుగు డైమండ్లు అన్న ప్రతిసారీ బావగారు చాలాసేపు ముక్కలు సర్దుకుంటారు, నేను పైకప్పు చూస్తాను.