మయోసైటిస్ ప్రొఫైల్ స్ట్రిప్: ఒక్క ప్లస్ చూసి కంగారు పడొద్దు

కండరాల వాపు జబ్బు అనుమానం రాగానే డాక్టర్లు రాసే 'మయోసైటిస్ ప్రొఫైల్' చాలావరకు లైన్ బ్లాట్ పరీక్షే, అంటే స్ట్రిప్ మీద గీతలుగా పెట్టిన ప్రోటీన్లకు (ఆంటిజెన్లకు) రోగి రక్తంలోని యాంటీబాడీలు అంటుకుంటాయో లేదో చూసేది. ఇక్కడ చూస్తున్నది యూరోఇమ్యూన్ వారి 16 ఆంటిజెన్ల యూరోలైన్ స్ట్రిప్. జో-1, పీఎల్-7, పీఎల్-12, ఎంఐ-2, టిఫ్1 గామా, ఎండీఏ5, ఎన్ఎక్స్‌పీ2, ఎస్ఆర్‌పీ, రో-52 వంటి ఆంటిజెన్ల యాంటీబాడీలన్నీ ఒకే స్ట్రిప్ మీద చూడొచ్చు. అదే దీని అసలు బలం.

స్ట్రిప్‌ని బఫర్‌లో 5 నిమిషాలు నానబెట్టి, 1.5 మిల్లీలీటర్ల బఫర్‌లో 15 మైక్రోలీటర్ల సీరం కలిపి 30 నిమిషాలు ఊపుతారు. మూడుసార్లు కడిగాక కాంజుగేట్ (అంటుకున్న యాంటీబాడీని పట్టే ఎంజైమ్ ద్రవం) 30 నిమిషాలు, మళ్లీ కడిగి సబ్‌స్ట్రేట్ (రంగు తేల్చే ద్రవం) 10 నిమిషాలు. యాంటీబాడీ ఉన్నచోట ఊదా గీత తేలుతుంది. కడగడంలో తొందరపడినా, సబ్‌స్ట్రేట్ ఎక్కువసేపు ఉంచినా స్ట్రిప్ మొత్తం మసకబారి లేని గీత ఉన్నట్టే కనిపిస్తుంది. కంట్రోల్ గీత రాకపోతే ఆ రిపోర్టు చెల్లదు.

గీత ఎంత ముదురుగా ఉంటే అన్ని ప్లస్‌లు వేస్తారు; అసలు చిక్కు ఒక్క ప్లస్ దగ్గరే. మూడు ప్లస్‌ల ఎండీఏ5, దాంతోపాటు వేలి కణుపుల మీద గాట్రన్ మచ్చలు (ఈ జబ్బులో వచ్చే ఎర్ర మచ్చలు), ఆయాసం ఉంటే సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) నార్మల్‌గా ఉన్నా ఛాతీ సీటీ ఆలస్యం చేయకూడదు. అదే లక్షణాలేవీ లేని మనిషికి ఎస్ఆర్‌పీ ఒక్క ప్లస్ వస్తే చాలాసార్లు ఉత్త గీతే. 'పాజిటివ్' అని మాత్రమే అచ్చేసే ల్యాబ్‌ని గీత బలం ఎంతో అడగండి.

నెగెటివ్‌నీ గుడ్డిగా నమ్మలేం. స్ట్రిప్‌లోని ఓజే అనే ఆంటిజెన్ అనేక ఎంజైములు కలిసిన పెద్ద సముదాయంలో భాగం, స్ట్రిప్ మీద దాని సహజ రూపం నిలవదు కాబట్టి దాని యాంటీబాడీ తరచూ తప్పిపోతుంది. స్టాటిన్ (కొలెస్ట్రాల్ మందు) వాడేవాళ్లలో చూడాల్సిన హెచ్ఎంజీసీఆర్ అనే ఆంటిజెన్ ఈ 16లో లేనే లేదు, దానికి ఎలైజా (మరో రకం యాంటీబాడీ పరీక్ష) విడిగా రాయించాలి. ఇంత ఖరీదైన ప్రొఫైల్‌లో ఈ లోటు మాకు నచ్చలేదు.

ఏఎన్ఏ (కణ కేంద్రకాన్ని పట్టే యాంటీబాడీల కోసం స్లైడ్ మీద చేసే పరీక్ష) నెగెటివ్ అని ఈ పరీక్ష మానేయడం ఇంకో పొరపాటు. జో-1 ఉండేది కేంద్రకంలో కాదు, సైటోప్లాజంలో. స్లైడ్ చూసినవారు సైటోప్లాజం మెరుపు రాయకపోతే రిపోర్టులో ఉత్త 'నెగెటివ్' అనే వస్తుంది.

ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించే చికిత్స) పెట్టాలనుకుంటే రక్తం ముందే తీయించండి. దాతల యాంటీబాడీలు, ముఖ్యంగా రో-52, రోగివే అన్నట్టు స్ట్రిప్ మీద తేలే ప్రమాదముంది.

రేటింగ్: ఐదుకి మూడున్నర.