కార్తీక మాసంలో కోయాసాన్: జపాన్‌లో మా అమ్మకి కడుపు నిండిన రాత్రి

టోక్యోలో నాలుగు రోజులు బాగానే గడిచాయి, రైళ్ళు టైముకొచ్చాయి, అది అందరూ రాసేదే కాబట్టి వదిలేస్తున్నా. నేను రాయాలనుకున్నది క్యోటోలో మోసపోయిన ఉడాన్ (లావు నూడుల్స్ సూపు) గిన్నె గురించి, ఆ తర్వాత కోయాసాన్ అనే బౌద్ధ మఠాల కొండెక్కితే దొరికిన భోజనం గురించి.

వెళ్ళింది నేను, మా ఆవిడ, అమ్మ. నవంబర్‌లో అయితే ఆకులు ఎర్రబడి భలే ఉంటాయని మా ఆవిడ పట్టుబట్టి అప్పుడే టికెట్లు తీయించింది, అది కార్తీక మాసం అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. అమ్మ ఎలాగూ శాకాహారి, కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. సూట్‌కేసులో సగం అటుకులూ, పులిహోర పొడీనే.

క్యోటోలో ఓ చిన్న ఉడాన్ షాపు, మెనూలో ఆకుపచ్చ ఆకు బొమ్మ కూడా వేసుంది. ఫోన్లో ట్రాన్స్‌లేటర్ పెట్టి మాంసం లేదు కదా, చేప లేదు కదా అని రెండుసార్లు అడిగా, అతను నవ్వుతూ తలూపాడు. మూడు గిన్నెలు 2,850 యెన్లు. అమ్మ గిన్నె మీద లేత గులాబీ రంగు పొరలున్నాయి, వడ్రంగి చిత్రిక పడితే రాలే చెక్క పొట్టులా పల్చగా, ఆవిరికి మెల్లగా వంకర్లు తిరుగుతున్నాయి.

"ఒరేయ్, ఇది కదులుతోందిరా" అంది అమ్మ.

కత్సువోబుషి అట. ట్యూనా జాతి చేపని ఉడికించి, పొగబెట్టి, చెక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టి, నిజంగానే చిత్రికలాంటి దాని మీదే తురుముతారు. మళ్ళీ అడిగితే అతను అదే నవ్వుతో "రుచి కోసమే" అన్నాడు. డబ్బులు తిరిగివ్వలేదు. అమ్మ ఏమీ అనలేదు, రూముకొచ్చి స్నానం చేసి అటుకులు నానబెట్టుకుంది, అది చూశాక నాకు ఇంకా మండింది.

తర్వాత చదివితే అర్థమైంది, అతనిది పూర్తిగా అబద్ధం కూడా కాదు. 675లోనే తెన్ము చక్రవర్తి ఏడాదిలో కొన్ని నెలలు ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి తినకూడదని ఆజ్ఞ వేశాడు, ఆ లిస్టులో చేప లేదు. అక్కణ్ణించి 1872లో మేజీ చక్రవర్తి గొడ్డు మాంసం తిన్నానని లోకానికి తెలియజేసేదాకా మాంసం మీద ఏదో ఒక పట్టింపు నడిచింది గానీ చేప మాత్రం వాళ్ళకి ఎప్పుడూ వేరే లెక్క. అందుకే అక్కడ "వెజ్" అని అడిగి లాభం లేదు, "దాషి దేంతో చేశారు" అని అడగాలి. పులుసుకి, సూపుకి, సాస్‌కి అన్నిటికీ మూలం ఆ దాషియే, ఎక్కువ చోట్ల అది చేపదే.

క్యోటోలో మేమున్న పాత చెక్క ఇల్లు రెండు రాత్రులకి 46,000 యెన్లు, ఫొటోలో కనిపించిన తోట పక్కింటి వాళ్ళది. మెట్లు నిచ్చెనలా ఉన్నాయి, అమ్మ రెండు రోజులూ కిందే పడుకుంది.

ఇక కోయాసాన్. ఒసాకా నంబా నుంచి రైలు, చివర్లో కేబుల్ కార్ అయిదు నిమిషాలు, పైన బస్సు. ఆ బస్సు రోడ్డు మీద నడవనివ్వరు. దారిలో న్యోనిన్‌దో అని ఓ గుడి ఉంటుంది, 1872 దాకా ఆడవాళ్ళకి కొండ మీదకి ప్రవేశం లేదు, అలాంటి గుళ్ళ దగ్గరే ఆగిపోయి ప్రార్థన చేసుకునేవాళ్ళట. "అప్పుడైతే నేనొక్కణ్ణే పైకి వెళ్ళేవాణ్ణి" అన్నా. "మేమిద్దరం ఒసాకాలో షాపింగ్ చేసుకునేవాళ్ళం" అంది మా ఆవిడ. టోక్యో వదిలి వచ్చినందుకు ఆవిడ మూతి ఇంకా ముడుచుకునే ఉంది.

ఇక్కడ గుళ్ళలోనే బస, షుకుబో అంటారు. తలకి 15,400 యెన్లు, అంటే దాదాపు తొమ్మిది వేల రూపాయలు, రాత్రి భోజనం, పొద్దున టిఫిను కలిపి. గదికి తాళం లేదు, బాత్రూమ్ అందరికీ ఒకటే, కొండ 800 మీటర్ల ఎత్తున కదా, చలికి వరండాలో కాళ్ళు కొంకర్లు పోయాయి. సాయంత్రం అయిదున్నరకే భోజనం, మేం పది నిమిషాలు లేటైతే కుర్ర సన్యాసి గుమ్మం దగ్గర నిలబడి గడియారం చూశాడు, మాటేమీ అనలేదు గానీ ఆ చూపు చాలు.

ఎర్ర లక్క పీటల మీద చిన్న చిన్న గిన్నెలు. బౌద్ధ సన్యాసుల ఈ శాకాహార భోజనాన్ని షోజిన్ ర్యోరి అంటారు. దాషి సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో చేస్తారు. అమ్మ చెంచా పట్టుకోలేదు, నావైపు చూసింది. నేను ఆ కుర్రాణ్ణి ఉల్లి గురించి అడిగాను. ఉల్లి, వెల్లుల్లి లాంటి ఘాటు దినుసులు వాళ్ళకీ నిషిద్ధమేనట! అప్పుడు తింది. నువ్వుల గోమదోఫు, వాసాబి నంజుకుని, జున్నుకన్నా మెత్తగా ఉంది, రెండోది మా ఆవిడ పళ్ళెంలోంచి తీసుకుంది, అమ్మ అలా ఇంకొకరి పళ్ళెంలోంచి తీసుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. పక్క గదిలో ఫ్రెంచ్ వాళ్ళు సాకే, అంటే బియ్యంతో చేసే మద్యం, తెప్పించుకున్నారు, సన్యాసులు దానికి పెట్టుకున్న ముద్దుపేరు హన్యతో, "ప్రజ్ఞా జలం" అట!

పొద్దున ఆరింటికి పూజ, తర్వాత గోమ. గోమ అంటే మన హోమమే, పేరు కూడా అక్కణ్ణించే. ఈ కొండ మీద మఠం పెట్టిన కూకై 804లో చైనా వెళ్ళి మంత్రశాస్త్రంతో పాటు సంస్కృతం కూడా నేర్చుకొచ్చాడు, 816లో చక్రవర్తి ఈ కొండ ఇచ్చాడు. వాళ్ళ గురుపరంపరలో నాగార్జునుడు కూడా ఉన్నాడు, దక్షిణ భారతంలో ఓ ఇనుప స్తూపంలో ఆయనకి ఉపదేశం దొరికిందని వాళ్ళ కథ, అది మన అమరావతి స్తూపమే అని కొందరు పండితులంటారు. అమ్మకి చెప్తే "మరి మనవాళ్ళే కదా" అని తేల్చేసింది.

ఒకునోయిన్ శ్మశానం రెండు కిలోమీటర్ల దారి, దేవదారు చెట్ల మధ్య రెండు లక్షలకి పైగా సమాధులు. రాతి స్తంభాలు పంచభూతాల ఆకారాల్లో, కింద చతురస్రం భూమి, పైన గుండ్రం నీరు, త్రికోణం నిప్పు, వాటి మీద అ, వ, ర, హ, ఖ అని "సిద్ధం" అనే పాత భారతీయ లిపిలో బీజాక్షరాలు. యుద్ధప్రభువు నోబునాగా, 1582లో ఆయన చావుకి కారణమైన ఆయన సేనాని మిత్సుహిదె, ఇద్దరి సమాధులూ ఇక్కడే. చెదల మందు కొట్టేవాళ్ళ సంఘం చచ్చిన చెదపురుగులకి కూడా స్మారకం కట్టించింది, మా ఆవిడ మొదటిసారి నవ్వింది అక్కడే. చివర్న కూకై 835 నుంచి ధ్యానంలోనే ఉన్నాడని నమ్మకం, రోజూ పొద్దున ఆరింటికి, పదిన్నరకి పెట్టెలో భోజనం మోసుకెళ్తారు. వంతెన దాటాక ఫొటోలు తీయకూడదు. అమ్మ అక్కడ చెప్పులు విప్పబోతే నేనే ఆపాను, చలి.

పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఒక రాత్రి చాలు, రెండోది చలికి కష్టం. కోయదోఫు అని ఎండబెట్టిన టోఫు పాకెట్ ఒకటి కొన్నాం. హైదరాబాద్ వచ్చాక అమ్మ మజ్జిగ పులుసులో వేస్తే పులుసంతా పీల్చేసి ఉబ్బింది, ఒక్కటే కొన్నావేంట్రా అని నన్నే తిట్టింది.