1966 మస్టాంగ్ కింద ఎక్స్‌ప్లోరర్ 8.8 రియర్ యాక్సిల్: ఏళ్ల వాడకం తర్వాత

ముందుగా తీర్పు చెప్పేస్తాను. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీ కింద నుంచి తీసి నా పాత మస్టాంగ్‌కు వేసుకున్న ఈ 8.8 అంగుళాల యాక్సిల్ (వెనక చక్రాలను తిప్పే ఇరుసు) మహా గట్టిది, పెట్టిన డబ్బుకి నూటికి నూరుపాళ్లు న్యాయం చేసింది. అయితే జంక్‌యార్డులో దానికి ఇచ్చే డబ్బు మొత్తం ఖర్చులో ఒక ముక్క మాత్రమే. అసలు ఖర్చు, అసలు ఓపిక దాన్ని పాత బండికి కుదిర్చే దగ్గర కావాలి. ఇక్కడ డాలస్‌లో పాత అమెరికన్ బళ్ల మీద మోజున్న మన తెలుగువాళ్లు ఈ మధ్య బాగానే కనిపిస్తున్నారు. "అన్నా, ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ వేస్తే సరిపోతుందా?" అని అడిగే ప్రతివాళ్లకీ ఫోన్‌లో విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

నా బండి 1966 మస్టాంగ్ కూపే, 289 క్యూబిక్ అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్). ఆ కాలంలో ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కు 7.25 అంగుళాల రియర్ ఎండ్ (అంటే వెనక యాక్సిల్; ఈ అంగుళాలు దాని లోపలి పెద్ద పళ్లచక్రం, క్రౌన్ వీల్ వ్యాసం), నాలుగు బోల్టుల చక్రాలు ఇచ్చేవాళ్లు. వీ8కి 8 అంగుళాలది, ఐదు బోల్టులు. పేరుమోసిన 9 అంగుళాలది కే-కోడ్ హై పెర్ఫార్మెన్స్ 289 ఉన్న బళ్లకే దక్కింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న ఇంజన్‌కు 8 అంగుళాలది నిక్షేపంలా సరిపోతుంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఇంజన్‌కు వేరే హెడ్స్, క్యామ్ వేసి, వెనక మెత్తటి వెడల్పు టైర్లు తొడిగి, క్లచ్ ఒక్కసారిగా వదలడం మొదలుపెడితే మాత్రం అందులోని 28 స్ప్లైన్ల (షాఫ్టు చివర చెక్కిన పళ్ల) యాక్సిల్ షాఫ్టుల గురించి టెన్షన్ పడాల్సిందే.

9 అంగుళాలది ఎందుకు కాదంటే, డబ్బు. ఫోర్డ్ దాన్ని 1957 నుంచి 1986 దాకా వాడింది కానీ మంచి సరుకంతా ఎప్పుడో జంక్‌యార్డులు దాటిపోయింది. కొత్తగా కట్టించుకుంటే వేల డాలర్లు. పైగా 9 అంగుళాల దాంట్లో పినియన్ (క్రౌన్ వీల్‌ను తిప్పే చిన్న పళ్లచక్రం) క్రౌన్ వీల్ మధ్యగీతకు బాగా కింద కూర్చుంటుంది. పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కువ జారతాయి, ఆ రాపిడికి కొంత శక్తి పోతుంది. 8.8లో ఆ నష్టం తక్కువ.

8.8 ఫాక్స్ బాడీ (ఎనభైల నాటి తరం) మస్టాంగ్‌లలో కూడా 1986 నుంచి ఉంది. కానీ వాటిలో ఎక్కువవాటికి నాలుగు బోల్టులు, 28 స్ప్లైన్లు, కాయిల్ స్ప్రింగుల బ్రాకెట్లు. మనకు పనికొచ్చేది 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఎక్స్‌ప్లోరర్‌ది. 31 స్ప్లైన్ల షాఫ్టులు, డిస్క్ బ్రేకులు, పాత మస్టాంగ్‌లాగే 5 మీద 4.5 అంగుళాల బోల్టు వరుస, నిండా మూడుంపావు అంగుళాల మందం ట్యూబులు. 2002లో ఎక్స్‌ప్లోరర్ వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్‌కు మారిపోయింది కాబట్టి ఆ తర్వాతి నాలుగు తలుపుల బండి కింద దూరి వెతకడం దండగ.

జంక్‌యార్డులో మొదట చూడాల్సింది డిఫరెన్షియల్ కవర్ బోల్టుకు వేలాడే చిన్న రేకు. దాని మీద 3ఎల్73 అని ఉంటే 3.73 రేషియో (చక్రం ఒకసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు 3.73 సార్లు తిరగాలి), లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే ఏర్పాటు) ఉన్నది. మధ్యలో ఎల్ లేకపోతే మామూలు ఓపెన్ డిఫరెన్షియల్. రేకు ఊడిపోయి ఉంటే రెండు చక్రాలూ లేపి ఒకటి తిప్పి చూడాలి. రెండోది అదే వైపు తిరిగితే లిమిటెడ్ స్లిప్. ఎదురు తిరిగినంత మాత్రాన ఓపెన్ అని తేల్చేయకండి, ట్రాక్షన్-లాక్ (ఫోర్డ్ తన లిమిటెడ్ స్లిప్‌కు పెట్టిన పేరు) క్లచ్ ప్లేట్లు అరిగిపోయినా అలాగే తిరుగుతుంది.

రేషియో కంటే నేను ఎక్కువ పట్టించుకునేది షాఫ్టుల్ని. ఈ యాక్సిల్‌లో చక్రం దగ్గర బేరింగుకు లోపలి రింగు ఉండదు, రోలర్లు నేరుగా షాఫ్టు మీదే దొర్లుతాయి. నూనె తగ్గిపోయిన బండైతే ఆ చోట షాఫ్టు గుంటలు పడి ఉంటుంది. అందుకే కవర్ విప్పి, క్రాస్ పిన్ తీసి, షాఫ్టును లోపలికి నెట్టి, సీ-క్లిప్పు (షాఫ్టును లోపల పట్టి ఉంచే సీ ఆకారపు ముక్క) జారవిడిచి, షాఫ్టు బయటికి లాగి చూడాలి. గుడ్డతో తుడిచి, బేరింగు కూర్చునే చోట గోరు అడ్డంగా గీస్తే ఎక్కడా తట్టుకోకూడదు. తట్టుకుందా, ఇంకో బండి చూసుకోండి. క్రాస్ పిన్‌ను పట్టి ఉంచే సన్న బోల్టు విప్పేటప్పుడు తొందర పడకూడదు, విరిగి లోపలే ఉండిపోతే అక్కడే సాయంత్రం అయిపోతుంది.

ఇక వెడల్పు. ఎక్స్‌ప్లోరర్‌ది ఫ్లాంజ్ (చక్రం బిగించే పళ్లెం) నుంచి ఫ్లాంజ్‌కి సుమారు 59న్నర అంగుళాలు. 1967 నుంచి 1970 దాకా మస్టాంగ్‌లు 59 పావు దగ్గర ఉంటాయి కాబట్టి వాళ్లు అదృష్టవంతులు, కోయకుండానే వేసుకోవచ్చు. 65, 66 బళ్లకు 57 పావు కావాలి. ఎక్స్‌ప్లోరర్‌లో డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు, కుడివైపుకు జరిగి ఉంటుంది, అందువల్ల ఎడమ ట్యూబు సుమారు మూడు అంగుళాలు పొడవు. ఆ మూడంగుళాలూ కోసేసి, ఎడమవైపు కూడా ఇంకో ఎక్స్‌ప్లోరర్ నుంచి తెచ్చిన కుడి షాఫ్టునే వేస్తే పినియన్ మధ్యకు వస్తుంది, మొత్తం వెడల్పు 56న్నరకు దిగుతుంది. ఒక్కో చక్రం అర అంగుళం లోపే లోపలికి జరుగుతుంది, అది వెడల్పు టైర్లకు కలిసొచ్చే విషయమే. రెండు వైపులా ఒకటే షాఫ్టు కాబట్టి స్పేరు ఒకటి దాచుకుంటే చాలు.

కోత మాత్రం ఇంటి గ్యారేజీలో యాంగిల్ గ్రైండర్‌తో చేసే పని కాదని నా గట్టి అభిప్రాయం. చేసినవాళ్లు ఉన్నారు, నడుస్తున్నాయి కూడా. నేను మెషీన్ షాపుకే ఇచ్చాను. అక్కడ ముసలాయన కోసే ముందు ట్యూబు పొడవునా సుద్దతో ఒక తిన్నని గీత గీశాడు, దాని మీద సన్నని ఉలితో గాటు పెట్టాడు. ట్యూబు చివర బ్రేకులు బిగించే ఫ్లాంజ్ ఒక్క రవ్వ మెలి తిరిగినా బ్రేక్ కాలిపర్ వేరే కోణంలో కూర్చుంటుంది, ఆ గీత అందుకు. తర్వాత బేరింగు గూళ్లలోంచి ఈ చివర నుంచి ఆ చివరకు మందపాటి ఉక్కు కడ్డీ దూర్చి, అది వేలితో తిప్పితే తిరిగేలా ఉంచుకుంటూ వెల్డింగ్ చేశాడు. కొంచెం కొంచెం, ఒకసారి పైన, ఒకసారి కింద. కడ్డీ బిగుసుకుంటే ఆగేవాడు. ట్యూబులు పోత ఇనుము హౌసింగులోకి దిగే చోట ఫ్యాక్టరీ వాళ్లు ప్లగ్ వెల్డులతో వదిలేస్తారు. అక్కడ కూడా వేడి చేసి, నికెల్ రాడ్‌తో చుట్టూ వెల్డ్ చేయించాను. డ్రాగ్ స్ట్రిప్ (తిన్నటి రేసు ట్రాక్) ఆలోచన ఉంటే ఇది తప్పనిసరి, లేకపోతే ట్యూబే హౌసింగులో తిరిగే ప్రమాదం ఉంది.

కమాన్ కట్టల మీద కూర్చోబెట్టే పెర్చులు పాతవి కోసేసి కొత్తవి పెట్టాలి. ఈ పని బండి నాలుగు చక్రాల మీద, తన బరువు తను మోస్తూ నిలబడి ఉన్నప్పుడే కొలవాలి. గేర్‌బాక్స్ తోక ఎంత కిందికి వాలి ఉందో పినియన్ ముక్కు అంత పైకి ఉండాలన్నది లెక్క. కమాన్ కట్టలు బలం పడినప్పుడు మెలి తిరిగి పినియన్‌ను పైకి ఎత్తుతాయి కాబట్టి ఆ లెక్కలోంచి ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి పెట్టాను. ముందు చుక్క వెల్డులు, మళ్లీ కొలత, ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్. హైవే వేగంలో కింద నుంచి ఒణుకు లేదంటే ఆ కొలతల పుణ్యమే. యూ బోల్టులు మూడుంపావు ట్యూబుకు సరిపడేవి కొత్తవి కొనాలి.

బ్రేకుల దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. 1966 మస్టాంగ్‌కు మాస్టర్ సిలిండర్ ఒకే గదిది. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. రెండు గదులది 1967లో వచ్చింది. వెనక డిస్కులు వేస్తున్నామంటే ముందు అది మార్చాలి, వెనక లైనులో డ్రమ్ముల కోసం ఉండే రెసిడ్యువల్ వాల్వు (లైనులో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచేది) తీసెయ్యాలి, చేత్తో తిప్పి సరిచేసుకునే ప్రపోర్షనింగ్ వాల్వు (వెనక బ్రేకులకు వెళ్లే ఒత్తిడి తగ్గించేది) పెట్టాలి. లేకపోతే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే పట్టేసి బండి గిర్రున తిరిగిపోతుంది. ఖాళీ పార్కింగ్ లాటులో, తడి నేల మీద, తక్కువ వేగంతో మొదలుపెట్టి ఆ వాల్వు సరిచేసుకున్నాను. 14 అంగుళాల పాత చక్రాలు కాలిపర్‌కు తగులుతాయి, కనీసం 15 ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ డిస్కు లోపలి చిన్న డ్రమ్ములో వేరే షూలతో పని చేస్తుంది. ఏటవాలు డ్రైవ్‌వేలో కూడా బండి కదలదు. కేబుల్ మాత్రం కొలిచి చేయించుకోక తప్పలేదు.

వాడకంలో ఎలా ఉందంటే, నా బండికి ఐదు గేర్ల టీ5 గేర్‌బాక్స్ ఉంది, ఐదో గేరు 0.68. 3.73తో గంటకు 70 మైళ్ల దగ్గర ఇంజన్ 2400 దరిదాపుల్లో హాయిగా తిరుగుతుంది. అదే పాత మూడు గేర్ల ఆటోమేటిక్ అయితే ఆ వేగానికి 3500, ఆస్టిన్ చేరేసరికి తల పగిలిపోతుంది. కాబట్టి ఓవర్‌డ్రైవ్ (ఇలా రేషియో ఒకటి కంటే తక్కువ ఉన్న గేరు) లేనివాళ్లు 3.27 ఉన్న యాక్సిల్ వెతుక్కోవడం మంచిది. మొదటి గేరులో బండి కదిలే తీరు మాత్రం ముచ్చటేస్తుంది. రెండు చక్రాలూ ఒకేసారి నేలను పట్టుకుంటాయి, బండి పక్కకు లాగదు. బరువు 8 అంగుళాల దాని కంటే ఎక్కువే, గతుకుల రోడ్డు మీద వెనక భాగం కొంచెం మొరటుగా దుముకుతుంది. కొత్త షాకులతో తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

ఇన్నేళ్లలో అరిగిందేమిటంటే ట్రాక్షన్-లాక్ క్లచ్ ప్లేట్లు. అరుగుతాయని తెలిసిందే, కవర్ విప్పితే ఇంట్లోనే మార్చుకోవచ్చు. గేర్ ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపకపోతే పార్కింగులో మలుపు తిప్పినప్పుడల్లా వెనక నుంచి కటకట వినిపిస్తుంది. ఎడమవైపు ఆయిల్ సీలు ఒకసారి కారింది, చూస్తే బ్రీదర్ గొట్టం మట్టితో మూసుకుపోయి లోపలి ఒత్తిడి సీలును తోసింది. అప్పటి నుంచి నూనె మార్చినప్పుడల్లా బ్రీదర్ ఊది చూస్తాను. క్రౌన్, పినియన్ మాత్రం ఫ్యాక్టరీలో బిగించినవి బిగించినట్టే ఉన్నాయి, చప్పుడు లేదు. యాక్సిల్ తీసిన బండిలో నిశ్శబ్దంగా ఉన్న సెట్టును విప్పి కదపకండి, రేషియో మార్చాలనిపిస్తే కావలసిన రేషియో ఉన్న ఇంకో యాక్సిల్ కొనడం నయం.

నాకు మిగిలిన ఒకే ఒక భయం సీ-క్లిప్పులు. షాఫ్టు విరిగితే దాన్ని లోపల పట్టి ఉంచేది ఏదీ ఉండదు, చక్రంతో సహా బయటికి రావచ్చు. కాలిపర్ కొంత ఆపుతుందంటారు, నేను దాన్ని నమ్ముకోను. రోడ్డు మీద, ఎప్పుడైనా సరదాగా స్ట్రిప్ మీద నడిపేవాళ్లకు ఇది చాలు. ప్రతి వారం స్లిక్ టైర్లతో రేసుకు వెళ్లేవాళ్లు, నాలుగైదు వందల హార్స్‌పవర్ దాటినవాళ్లు డబ్బు కూడబెట్టుకుని 9 అంగుళాలదే కట్టించుకోవడం మేలు.

కొనేవాళ్లు యార్డులో యాక్సిల్ ఒక్కటే లాక్కుని రాకండి. ప్రొపెల్లర్ షాఫ్టు వెనక చివరనున్న గుండ్రటి ఫ్లాంజ్ యోక్ కూడా తెచ్చుకుంటే పినియన్ నట్టు ముట్టుకోకుండానే కొత్త షాఫ్టు కట్టించుకోవచ్చు. దాని బోల్టులు పన్నెండు మూలలవి, 12 మిల్లీమీటర్ల సాకెట్ వెంట తీసుకెళ్లండి. కాలిపర్లు, వాటి బ్రాకెట్లు, బ్రేకు హోసులు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు రెండూ, పక్క బండి నుంచి ఇంకో కుడి షాఫ్టు, వీటన్నింటికీ కలిపి ముందే ధర మాట్లాడుకోండి.