టాగూర్ ‘నేషనలిజం’ చవక ముద్రణ: కొనే ముందు ఏం చూసుకోవాలి

రాజమండ్రి, భీమవరం లాంటి ఊళ్లలో ఈ ఇంగ్లీషు పుస్తకం కొనాలనుకునేవాళ్లకు. మన దేశంలో టాగూర్ రచనల కాపీరైట్ 2001 ఆఖరుతో తీరిపోయింది. ఎవరైనా వేసుకోవచ్చు. అందుకే చవక, అందుకే జాగ్రత్తా అవసరం.

ముందు చివరి పేజీలు తిప్పండి. 1917లో మాక్మిలన్ వేసిన పుస్తకంలో పడమటి దేశాలు, జపాన్, ఇండియాల్లో జాతీయవాదం మీద మూడు ప్రసంగాలు, ఆఖర్న ‘ది సన్‌సెట్ ఆఫ్ ది సెంచరీ’ కవిత ఉంటాయి. కవిత ఎగరగొట్టిన ప్రతి వద్దు. తర్వాత ఏదో ఒక పేజీ నింపాదిగా చదవండి. స్కాన్ చేసి దిద్దకుండా వేస్తే ‘మోడర్న్’ కాస్తా ‘మోడెమ్’ అయి కూర్చుంటుంది. పేజీకి రెండు మూడు అలాంటివి తగిలితే వదిలేయండి.

చదవడం మూడో ప్రసంగంతో మొదలెడితే మేలు. మొదటిదానితో మొదలెడితే బ్రిటిష్‌వాళ్ల మీద కోపమేలే అనుకుని ఆగిపోయే ప్రమాదముంది. ఆయన గురి అది కాదు. జనమంతా లాభం కోసం, బలం కోసం యంత్రంలా బిగిసిపోవడం మీద. 1905లో బెంగాల్ విభజనకు నిరసనగా రాఖీలు కట్టించిన మనిషే 1916కల్లా ఈ మాట అంటున్నాడు. 1907లో బిపిన్ చంద్ర పాల్ స్వదేశీ ఉపన్యాసాలతో ఊగిపోయిన రాజమండ్రి చరిత్ర తెలిసినవాళ్లకు ఇది గట్టిగా తగులుతుంది. భరతఖండం పాడియావు, మనం లేగదూడలమంటూ, ఆ దూడల మూతులు బిగించి పాలు పితికే తెల్ల గొల్లవాళ్లను చిలకమర్తి ఒక పద్యంలో చూపించారు. ఆ పద్యం పక్కన పెట్టి చదివితే టాగూర్ ప్రశ్న తేటపడుతుంది: గొల్లవాడు మారినంత మాత్రాన దూడకు పాలు దక్కుతాయా?

సాంఘిక బానిసత్వమనే ఊబి మీద రాజకీయ స్వేచ్ఛ కట్టలేమన్నది ఇందులో అన్నిటికన్నా పదునైన మాట. అదే ప్రసంగంలో కులవ్యవస్థ సహనం నుంచి పుట్టిందంటాడు. తేడాలను గుర్తించింది కానీ అవి మారతాయని ఒప్పుకోలేదని వెంటనే తప్పు పడతాడనుకోండి. అయినా కోనసీమ దళిత పేటల్లో పెరిగిన పాఠకుడికి ఆ ‘సహనం’ మింగుడు పడదు, పడక్కర్లేదు కూడా. జపాన్ ప్రసంగంలో పొగడ్త ఎక్కువ. పడమటి జాతీయవాదాన్ని అనుకరించొద్దన్న హెచ్చరిక కోసం చదవాలి.

ఒక్కరే చదువుకోవడానికైతే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. లైబ్రరీకో, పదిమంది చేతులు మారడానికో అయితే నాలుగు డబ్బులు ఎక్కువైనా కుట్టు బైండింగే తీసుకోండి. గమ్ము బైండింగ్ అయితే మన వానాకాలపు చెమ్మకు వీపు వదిలి, కాగితాలు ఊడొస్తాయి.